మనకు మనమే పెట్టుకున్న టోపీ

ఈసారి తకరారుకే వచ్చాను. తకరారు బయటివాళ్లతో కాదు, నా బిరాదరీతోనే. మాదాపూర్ నుంచి డాలస్ దాకా కీబోర్డు కొట్టుకుని రోటీ తింటున్న సాఫ్ట్‌వేర్ బిరాదరీతో. అది కూడా ఒక చిన్న గుర్తు గురించి. దాని సూరత్ ఇది: ^

ఇంగ్లీషు పేరు కేరట్. మా టీములో మేం టోపీ అంటాం. టోపీకి ఇజ్జత్ ఇచ్చే ఇంట్లో పుట్టినవాణ్ణి నేను. కానీ తెలుగులో "వాడు నాకు టోపీ పెట్టాడు" అనే మాట కూడా ఉంది కదా. ఇది ఆ రకం టోపీ. పైగా దీన్ని మనకెవరూ పెట్టలేదు, మనమే పెట్టుకుని తిరుగుతున్నాం.

ఈ పనిలో లేనివాళ్లకి ముందు అసలు సంగతి చెప్తాను. ఇవాళ ఏ సాఫ్ట్‌వేరూ మొత్తం ఒక్క కంపెనీ రాసింది కాదు. తారీఖులు లెక్కపెట్టడానికి ఒకరి కోడు, రంగులు చూపడానికి ఇంకొకరి కోడు, ఎక్కడో ఎవరో రాసి ఉచితంగా పెట్టినవి తెచ్చుకుని కలుపుకుంటాం. వాటిని ప్యాకేజీలంటాం. మేం పేరుపెట్టి అడిగేవి ముప్పయ్యో నలభయ్యో ఉంటాయి. వాటి వెనకాల వాటి చుట్టాలు, ఆ చుట్టాల చుట్టాలు దిగుతాయి. అన్నీ కలిపి లెక్కేస్తే వందల్లో, ఒక్కోసారి వెయ్యి దాటి ఉంటాయి.

ప్రతి ప్యాకేజీకి మూడు అంకెల నంబరుంటుంది, 1.4.2 లాగ. కాయిదా ఏంటంటే, మొదటి అంకె మారితే పాత కోడు విరగొచ్చు, జాగ్రత్త. రెండోది మారితే కొత్త సౌకర్యం వచ్చింది, పాతది చెడలేదు. మూడోది మారితే మరమ్మతు మాత్రమే. గిట్‌హబ్ స్థాపకుల్లో ఒకరైన టామ్ ప్రెస్టన్ వెర్నర్ రాసిపెట్టిన ఈ కాయిదాని సెమాంటిక్ వెర్షనింగ్ అంటారు.

ఇప్పుడు టోపీ సంగతి. మా ప్రాజెక్టు ఫైల్లో 1.4.2 అని రాస్తే సరిగ్గా అదే వస్తుంది. ^1.4.2 అని రాస్తే 1.4.2 నుంచి 2.0.0 లోపు ఏదైనా మంజూర్. ~1.4.2 అంటే 1.5.0 లోపు ఏదైనా మంజూర్. ఒట్టి * అంటే ఏదొచ్చినా కబూల్. గ్రేడిల్ వాడే ఆండ్రాయిడ్ వాళ్లు 1.+ అని రాస్తారు. పైథాన్ వాళ్లు ==1.4.* అని రాస్తారు. వేషాలు వేరు, నియ్యత్ ఒకటే: ఈ నమూనాకి సరిపోయేది తీసుకురా. పాతదేదీ ఖరారు చేసి లేకపోతే, సరిపోయేవాటిలో కొత్తదాన్నే ఎత్తుకొస్తాయి ఈ పనిముట్లు. జావాస్క్రిప్ట్ లోకంలో ప్యాకేజీలు తెచ్చే ఎన్‌పీఎం అయితే 2014 నుంచి మనం అడక్కుండానే టోపీ పెట్టి ఇస్తోంది. అంటే చాలామంది ఈ గుర్తుని ఎన్నడూ రాయలేదు. వద్దనలేదు, అంతే.

ఈ గుర్తుకి నా మాటల్లో పేరు ముఖ్తార్‌నామా. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు ముందు కూర్చునే దస్తావేజు లేఖరిని అడగండి, ముఖ్తార్‌నామా ఎట్లా రాస్తారో. ఎవరికి ఇస్తున్నావో అతని పేరు, తండ్రి పేరు, వయసు, నివాసం, ఏ ఆస్తి మీద ఎంతవరకు ఇఖ్తియార్, కింద ఇద్దరు గవాహీల దస్తఖత్. మన టోపీలో ఇవేవీ లేవు. రేపు ఎవరు రాస్తారో తెలియని కోడుకి, ఇంకా పుట్టని కోడుకి, నా ఇంట్లోకి రావడానికి ఇవాళే ఇజాజత్. కోరా కాగితం మీద దస్తఖత్ పెట్టి నాలుగు రోడ్ల కూడలిలో వదిలేసినట్టు.

"అంత పెద్ద మాటలెందుకు భాయ్, ఒక గుర్తే కదా" అంటారని తెలుసు. అందుకే నా కళ్లముందు జరిగింది చెప్తాను. ఆఫీసు పేరు వద్దు.

ఒక శుక్రవారం. టీములోకి కాంట్రాక్టు మీద వచ్చిన పిల్ల, నల్గొండ దగ్గర పల్లె, ఎనిమిది నెలల నౌకరీ. ఆ రోజు ఆమె పని ఒక్కటే, ఒక బటన్ మీదున్న మాట మార్చడం. మార్చింది. పొద్దున పదకొండింటికి టెస్ట్ సర్వర్ మీద పెట్టాం. టెస్టర్ చూసి బాగుందన్నాడు. సాయంత్రం ఏడింటికి అసలు సర్వర్ కోసం మళ్లీ కొత్తగా బిల్డ్ చేసి ఎక్కించాం. అరగంటలో ఫోన్లు మొదలు. పుట్టిన తేదీ ఖాళీగా ఉన్న పాత కస్టమర్ల పేజీలన్నీ తెల్లగా వస్తున్నాయి.

రాత్రి కాల్ పెట్టారు. పదిహేను మంది ఉన్నారు. మొదటి సవాల్ ఆమెకే.

"నువ్వేం మార్చావమ్మా?"

"ఒక్క మాట సార్. బటన్ మీద."

"ఒక్క మాటకి సైటు పడిపోతదా?"

ఆమె మార్పు తీసేసి మళ్లీ బిల్డ్ చేశాం. సైటు లేవలేదు. ఇక్కడ ఆగి ఆలోచించండి. ఆమె మార్పు తీసేసినా రోగం పోలేదంటే కసూర్ ఆమెది కాదని అప్పుడే తేలిపోయింది. కానీ ఆ కాల్‌లో ఎవరికీ ఆ ఖయాల్ రాలేదు. "ఇంకేదో కూడా మార్చి ఉంటది, సరిగ్గా చూడు" అన్నారు. ఆమె ఏడవలేదు. మాటిమాటికీ "చూస్తున్నా సార్" అంటూనే ఉంది.

శనివారం రాత్రికి దొరికింది. టెస్ట్ సర్వర్ మీదున్న ప్యాకేజీలని, అసలు సర్వర్ మీదున్నవాటిని పక్కపక్కన పెట్టి చూస్తే, తారీఖుల ప్యాకేజీ ఒక్కటి తేడా. నంబర్లో ఆఖరి అంకె మాత్రమే తేడా. ఆ శుక్రవారం మధ్యాహ్నమే కొత్తది విడుదలైంది. ఇదివరకు ఖాళీ తారీఖు ఇస్తే ఖాళీగా తిరిగిచ్చేది, కొత్తది ఎర్రర్ వేస్తోంది. దాన్ని రాసినవాడి లెక్కలో అది మరమ్మతే. అతన్ని నేను తప్పుపట్టను.

మరి తప్పుపట్టాల్సింది ఎవర్ని? మూడేళ్ల కింద ఆ ప్యాకేజీ పక్కన టోపీ ఉండనిచ్చింది నేను. సరిగ్గా ఏ నంబర్లు తెచ్చామో రాసిపెట్టే లాక్ ఫైలుని "ఊరికే గొడవ పెడుతోంది" అని రిపాజిటరీలోకి రాకుండా గిట్‌ఇగ్నోర్‌లో పెట్టింది కూడా నేనే. సోమవారం అంతా వివరంగా మెయిల్ రాశాను. అప్పటికే కారణాల ఫారంలో "మానవ తప్పిదం" అని, పక్కన ఆమె పేరు ఎక్కిపోయాయి. నా మెయిల్ దానికి జోడింపు అయింది, జవాబు కాలేదు. రెండు నెలల తర్వాత ఆమె కాంట్రాక్టు పొడిగించలేదు. శుక్రవారం రాత్రి ఆ కాల్‌లో నేనున్నాను. "ఆగండి, ముందు లాక్ ఫైలు ఎందుకు లేదో చూద్దాం" అనే మాట నా నోటినుంచి రాలేదు. ఆ సిగ్గే ఇవాళ ఇది రాయిస్తోంది.

నా అసలు ఇల్జామ్ ఇది. టోపీ పెట్టినప్పుడు ఆరామ్ సీనియర్లకి, అది ఊడినప్పుడు సజా జూనియర్లకి. ఆరోజు ఎవరి చేయి కీబోర్డు మీదుంటే వాళ్లే దొంగ. మార్పుకి పేరు లేకుండా చేసే ఏ పద్ధతి అయినా చివరికి కింద ఉన్నవాడి పేరే వెతుక్కుంటుంది.

పైన చెప్పింది అమాయకపు మరమ్మతు. నియ్యత్ చెడితే ఏమవుతుందో కూడా చూశాం. 2018లో ఈవెంట్-స్ట్రీమ్ అనే ప్యాకేజీ. వారానికి లక్షల డౌన్‌లోడ్లు. అసలు యజమానికి దాన్ని చూసుకునే ఫుర్సత్ లేదు. ముక్కూమొహం తెలియనివాడొచ్చి నేను చూసుకుంటానంటే హక్కులిచ్చేశాడు. ఆ కొత్తవాడు సెప్టెంబర్‌లో 3.3.6 విడుదల చేస్తూ ఫ్లాట్‌మ్యాప్-స్ట్రీమ్ అనే ఇంకో ప్యాకేజీని లోపలికి తెచ్చాడు. దాని పక్కన రాసింది ^0.1.0. ఆ 0.1.0 షరీఫ్ కోడే, ఎవరు చూసినా షక్ రాదు. అక్టోబర్‌లో 0.1.1 వచ్చింది. విషం అందులో ఉంది. కోపే అనే బిట్‌కాయిన్ వాలెట్‌లోంచి తాళాలు దొంగిలించే కోడు. తలుపు తీసినవాడు ఒక రోజు వచ్చాడు, దొంగ ఇంకో రోజు వచ్చాడు. మధ్యలో తలుపుని తెరిచి పట్టుకున్నది టోపీ. నవంబర్‌లో గానీ బయటపడలేదు.

2022 జనవరి. కలర్స్ అనే ప్యాకేజీ రాసినాయనకే కోపమొచ్చింది. పెద్ద కంపెనీలు తన మేహనత్‌ని ఉచితంగా వాడుకుంటున్నాయని గుస్సా. 1.4.1 అని ఆఖరి అంకె మార్చి, ఆగకుండా చెత్త అక్షరాలు కక్కే కోడు పెట్టాడు. కాయిదా ప్రకారం అది "మరమ్మతు మాత్రమే". టోపీ పెట్టినవాళ్లకీ, టిల్డా పెట్టినవాళ్లకీ దర్జాగా వచ్చి చేరింది. అమెజాన్ వాళ్ల క్లౌడ్ పనిముట్టు సీడీకే కూడా ఆ దెబ్బ తింది. ఆయన గుస్సా సబబా కాదా అనేది వేరే బహస్. నేనడిగేది ఒక్కటే, ఆయన మూడ్ మీద మన సర్వర్లు ఎందుకు వేలాడాలి?

2025 సెప్టెంబర్ 8. చాక్, డీబగ్ లాంటి 18 ప్యాకేజీలు. అన్నీ కలిపి వారానికి 200 కోట్లకు పైగా డౌన్‌లోడ్లు. వాటిని చూసుకునే మనిషికి ఎన్‌పీఎం నుంచి వచ్చినట్టే నఖ్లీ మెయిల్ వచ్చింది. నమ్మాడు, ఖాతా పోయింది. క్రిప్టో డబ్బుని దారి మళ్లించే కోడుతో కొత్త నంబర్లు విడుదలయ్యాయి. దాదాపు రెండు గంటల్లో పట్టుకుని తీసేశారు. ఆ రెండు గంటల్లో ఖరారు నంబరు లేకుండా కొత్తగా బిల్డ్ చేసినవాళ్ల ఇంట్లోకి విషం చేరే దారి తెరిచే ఉంది. పాత నంబరు ఖరారు చేసుకున్నవాళ్లకి ఆ రోజు ఖబర్ మాత్రమే వచ్చింది.

ఇక నా మీదకి వచ్చే దలీళ్లు. వాటిని దాటవేసి పోను.

మొదటి దలీల్: "కాయిదా ఉంది కదా, మొదటి అంకె మారనంతవరకు విరగదు." ఇది కాయిదా కాదు భాయ్, వాదా. ఇచ్చేది ఒక మనిషి. నిలబెట్టుకున్నాడో లేదో చూసే ఖాజీ ఎవరూ లేరు. విడుదలయ్యేటప్పుడు ఆ నంబరు నిజం చెప్తోందా అని ఎన్‌పీఎం తనిఖీ చెయ్యదు. నియ్యత్ మంచిదైనా చాలదు. గూగుల్‌లో పనిచేసిన హైరమ్ రైట్ పేరుమీద ఒక సూత్రం ఉంది. వాడేవాళ్లు ఎక్కువైతే, నువ్వు హామీ ఇచ్చినా ఇవ్వకపోయినా, నీ కోడు చేసే ప్రతి పని మీదా ఎవడో ఒకడు ఆధారపడి ఉంటాడని. మా తారీఖుల ప్యాకేజీ కథ అదే. దాని మరమ్మతు మాకు విరగడం.

రెండో దలీల్: "లాక్ ఫైలు ఉంది కదా, టోపీ ఉంటే ఏంటి?" లాక్ ఫైలు మంచిదే, అది లేకనే మేం మునిగాం. కానీ దాని హద్దులు తెలుసుకోండి. అది రిపాజిటరీలో ఉండాలి. సర్వర్ మీద బిల్డ్ చేసేటప్పుడు ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ కాదు, ఎన్‌పీఎం సీఐ వాడాలి. మొదటిది ప్రాజెక్టు ఫైలుకీ లాక్ ఫైలుకీ పొసక్కపోతే లాక్‌నే సవరించేసి ముందుకు పోతుంది. రెండోది పొసక్కపోతే ఆగిపోతుంది. ఇంకో సంగతి, మీరు ఒక లైబ్రరీ రాసి విడుదల చేస్తే అందులో మీ ప్యాకేజ్-లాక్ వెళ్లదు. దాన్ని వాడుకునేవాడికి మీ టోపీలే వెళ్తాయి. తాళం మీ ఇంటికి మాత్రమే, టోపీ మాత్రం ఊరంతా తిరుగుతుంది.

మూడో దలీల్ బలమైనది: "నంబర్లు బిగించి కూర్చుంటే సెక్యూరిటీ మరమ్మతులు ఎట్లా వస్తాయి?" ఇది నిజం. 2017లో అమెరికాలో ఈక్విఫాక్స్ సంగతి గుర్తుందా? స్ట్రట్స్ లోపానికి మార్చిలోనే మరమ్మతు వచ్చింది. వాళ్లు వేసుకోలేదు. మే నుంచి దొంగలు లోపల తిరిగారు. 14 కోట్లకు పైగా మనుషుల వివరాలు పోయాయి. నంబరు బిగించి మరిచిపోవడం హిఫాజత్ కాదు, అది కూడా లాపర్వాయే. దానికి నేను వకాలత్ పుచ్చుకోను.

కానీ చూడండి, మంచి మరమ్మతు ఏ దారిన వస్తుందో విషం కూడా అదే దారిన, అదే టోపీ కింద వస్తుంది. దారికి కళ్లు లేవు. కళ్లు పెట్టాల్సింది మనం. డిపెండబాట్, రెనొవేట్ లాంటివి ఉన్నాయి. కొత్త నంబరు రాగానే "ఇది వచ్చింది, వేసుకుంటావా?" అని అర్జీ పెడతాయి. పరీక్షలు నడుస్తాయి. ఒక మనిషి చూస్తాడు, ఒప్పుకుంటాడు. ఆ మార్పుకి తారీఖు ఉంటుంది, ఒప్పుకున్నవాడి పేరు ఉంటుంది. రేపు సైటు పడిపోతే ఆ ఒక్కదాన్నే వెనక్కి తీస్తే లేస్తుంది. సెక్యూరిటీ మరమ్మతైతే అదే రోజు ఒప్పుకోండి. మామూలుదైతే కొన్నాళ్లు ఆగండి. పీఎన్‌పీఎం 2025లో ఇందుకోసమే ఒక సెట్టింగు తెచ్చింది. పుట్టి ఇంత కాలం కాని ప్యాకేజీని తీసుకోకు అని చెప్పొచ్చు. రెండు గంటల్లో పట్టుబడే విషానికి రెండు రోజుల సబర్ చాలు.

నాలుగో దలీల్ లైబ్రరీలు రాసేవాళ్లది: "మేమందరం ఒకే నంబరు బిగిస్తే ఒకదానితో ఒకటి పొసగవు." ఒప్పుకుంటున్నాను. పైథాన్‌లో ఒక వాతావరణంలో ఒక ప్యాకేజీకి ఒక్క నంబరే ఉంటుంది. ఒకడు 1.4.2 నే కావాలని, ఇంకొకడు 1.4.3 నే కావాలని మొండికేస్తే ఎవరికీ అన్నం ఉడకదు. లైబ్రరీకి కొంత వెసులుబాటు ఉండాలి. అయితే ఆ వెసులుబాటులోంచి "కొత్తదే తెచ్చిపెట్టు" అనే ఫైసలా ఎందుకు రావాలి? గో భాష వాళ్లు 2018లో వేరే తరీఖా చూపించారు. అక్కడ లైబ్రరీ "కనీసం ఇది ఉండాలి" అని మాత్రమే చెప్తుంది. పనిముట్టు అందరి కనీసాల్నీ తీర్చే అతి తక్కువ నంబరు తీసుకుంటుంది. లోకంలో ఎవడో ఇవాళ మధ్యాహ్నం కొత్తది విడుదల చేస్తే మీ బిల్డ్‌లోకి అది రాదు. ఎవరో ఒకరు అడిగితేనే వస్తుంది. అంటే లైబ్రరీకి వెసులుబాటు ఇస్తూనే చూడని కోడుకి తలుపు వేసి ఉంచొచ్చు. ఆదత్ మార్చుకుంటే చాలు.

రస్ట్ వాళ్లు 2016 నుంచి తమ ప్యాకేజీల బజారులో * ని ఒప్పుకోవడం మానేశారు. షాబాష్. కానీ అక్కడ కూడా గుర్తేమీ లేకుండా 1.4.2 అని రాస్తే దానర్థం ^1.4.2 అనే. టోపీ కనబడదు, తలమీద మాత్రం ఉంటుంది. కార్గో వాడే తమ్ముళ్లు అందుకే లాక్ ఫైలు వదలొద్దు.

మన ఊళ్లలో ప్రతి బజారులో ఒక మ్యాచింగ్ సెంటర్ ఉంటుంది. మా అమ్మీ బ్లౌజు గుడ్డకి వెళ్తే చీరనే సంచిలో పెట్టుకుని వెళ్లేది. గుడ్డని చీర మీద పరిచి, గుమ్మంలోకి తెచ్చి వెలుగులో చూసి, అప్పుడు పైసలిచ్చేది. "ఎరుపు రకంలో ఏదైనా పంపండి, కొత్తదైతే చాలు" అని కొట్టువాడికి ఏనాడూ చెప్పలేదు. అరమీటరు గుడ్డకి అమ్మీ చూపించిన జాగ్రత్త, లక్షలమంది వివరాలు పెట్టుకున్న సర్వర్‌కి మనం చూపించడం లేదు.

కాబట్టి నా అర్జీ ఇది. మీరు నడిపే అప్లికేషన్లలో టోపీలు తీసేయండి. ఎన్‌పీఎంలో సేవ్-ఎగ్జాక్ట్ అనే సెట్టింగు ఒకసారి పెడితే మీరు కొత్తగా చేర్చేవాటికి ఖరారు నంబరే రాస్తుంది. పాతవాటిని మీరే చేత్తో తీయాలి. ఆ చుట్టాల చుట్టాల కోసం లాక్ ఫైలుని రిపాజిటరీలో పెట్టండి, సర్వర్ మీద సీఐతోనే బిల్డ్ చెయ్యండి. పొద్దున పరీక్షించిన బిల్డునే సాయంత్రం ఎక్కించండి, మళ్లీ కొత్తగా చేసి కాదు. కొత్త నంబర్లు చూడ్డానికి వారంలో ఒక గంట, ఒక మనిషి పేరుతో, జిమ్మేదారి ఖరారు చెయ్యండి. ఆ పేరు టీములో అందరికన్నా చిన్నవాళ్లది కాకూడదు. ఇక సైటు పడిపోతే మొదటి సవాల్ "నువ్వేం మార్చావ్" అని కాదు, "మనకి తెలియకుండా ఏం మారింది" అని అడగండి.

ఆ పిల్ల ఇప్పుడు ఇంకో కంపెనీలో ఉంది. మొన్న ఫోన్ చేసింది.

"అన్నా, ఈడ కూడా అన్నీ టోపీలే ఉన్నయ్."

"తీసెయ్ మరి."

"నేను తీస్తే ఎట్లన్నా? రేపేదన్నా అయితే మళ్లా నా పేరే వస్తది. పెద్దోళ్లు చెప్పాలె గదా."

పెద్దోళ్లారా, ఈ పోస్టు మీకోసమే రాశాను.